గిడుగు వెంకట రామమూర్తి

గిడుగు వెంకట రామమూర్తి (1863 ఆగష్టు 29 - 1940 జనవరి 22) తెలుగు భాషా శాస్త్రవేత్త, ఉపాధ్యాయుడు, శాసన పరిశోధకుడు. సవర భాషకు వ్యాకరణాన్ని, నిఘంటువును కూర్చిన తొలి పండితుడు. వ్యావహారిక భాషోద్యమ పితామహుడుగా సుప్రసిద్ధుడు. ఆయన పుట్టినరోజైన ఆగష్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటారు.

రామమూర్తి ఉద్యమాన్ని సాధారణంగా గ్రాంథిక, వ్యావహారిక శైలుల మధ్య జరిగిన వివాదంగా వర్ణిస్తారు. అయితే ఆయన పోరాడినది కేవలం క్రియారూపాల కోసం కాదు. చదువుకొన్న తెలుగువాడు కలం పట్టగానే తన నోటి మాటను తానే అణచివేసుకొనే అలవాటుపైన ఆయన యుద్ధం ప్రకటించాడు. ప్రభుత్వం నిషేధించకపోయినా, ఎవరూ శిక్షించకపోయినా, తప్పు పడతారేమోనన్న జంకుతో మనిషి తన మాటను మార్చుకోవడాన్ని నేడు స్వీయ నియంత్రణ లేదా స్వీయ సెన్సారు అంటున్నారు. ఆ పేరు వాడుకలోకి రాకముందే తెలుగు దేశంలో దాని స్వరూపాన్ని ఆధారాలతో బయటపెట్టినవారిలో రామమూర్తి ముఖ్యుడు.

బాల్యం, విద్య

రామమూర్తి శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార తీరంలో, ముఖలింగ క్షేత్రానికి సమీపంలో ఉన్న పర్వతాలపేటలో జన్మించాడు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. తండ్రి రెవెన్యూ ఉద్యోగి. ఆయన చోడవరానికి బదిలీ అయి, అక్కడే 1875లో విషజ్వరంతో మరణించాడు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్ళు. అటుపైన విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరి చదువు కొనసాగించాడు. అక్కడ గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. బడిలో కలిసిన ఈ ఇద్దరు మిత్రులే మూడు దశాబ్దాల తరువాత తెలుగు వచన గమనాన్ని మార్చే ఉద్యమంలో మళ్ళీ కలిశారు.

1879లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడై, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పై రూపాయల జీతంపైన ఉపాధ్యాయుడుగా చేరాడు. ఉద్యోగం చేసుకొంటూనే ప్రైవేటుగా చదివి పట్టభద్రుడయ్యాడు. చరిత్ర ఆయనకు అభిమాన విషయం. గురువు అంటూ ఎవరూ లేకుండానే పుస్తకాల సాయంతో ప్రాచీన లిపులను నేర్చుకొని, ముఖలింగ దేవాలయంలోని శాసనాలను చదివాడు. తరువాతి కాలంలో భాషా వివాదంలో ఆయనకు అక్కరకు వచ్చినది ఈ శాసన పరిచయమే. రాళ్ళపైన చెక్కిన పాత తెలుగు, వ్యాకరణ పుస్తకాలలో చెప్పిన తెలుగు ఒకటి కావని ఆయన కళ్ళారా చూశాడు.

పర్లాకిమిడి, టెక్కలి ప్రాంతం

రామమూర్తి జీవితంలో యాభై ఏళ్ళకు పైగా పర్లాకిమిడిలో గడిచింది. ఆ రోజులలో పర్లాకిమిడి, టెక్కలి, సోంపేట ప్రాంతాలన్నీ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెంది ఉండేవి. ఉప్పుకు పేరుపడిన నౌపడా నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు మార్గం ఏర్పడింది. సముద్రతీరంలోని ఉద్దానం తోటలకు, మహేంద్రగిరి చుట్టుపట్ల ఉన్న కొండ గ్రామాలకు నడుమ ఉన్న ఈ సీమలో తెలుగు, ఒడియా, సవర భాషలు మూడూ సంతలలో వినిపించేవి. ఒకే మనిషి కొనేటప్పుడు ఒక భాష, ఇంట్లో ఒక భాష, కచేరీలో మరొక భాష మాట్లాడడం ఇక్కడ సామాన్యం. ఏ భాషకు ఎక్కడ గౌరవం ఉందో, ఎక్కడ నోరు మూసుకోవాలో జనం పసితనంలోనే గ్రహించేవారు. రామమూర్తి పరిశీలనకు ఈ సీమే పాఠశాల అయింది.

సవర భాషా కృషి

పర్లాకిమిడికి దగ్గరి కొండలలో నివసించే సవరల భాషకు అప్పట్లో లిపి గాని, పుస్తకాలు గాని లేవు. మైదానంలోని వర్తకుల వద్దకు, అధికారుల వద్దకు వచ్చినప్పుడు సవరలు తమకు అరకొరగా వచ్చిన పరభాషలోనే మొర పెట్టుకోవలసి వచ్చేది. రామమూర్తి తెలుగు, సవర భాషలు రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంట్లోనే ఉంచుకొని ఆ భాషను నేర్చుకొన్నాడు. సవర భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించాడు. కొండ గ్రామాలలో తిరగడం వల్ల మలేరియా సోకింది. అందుకు వాడిన క్వినైను కారణంగా ఆయనకు చెవుడు వచ్చింది. ఈ చెవుడు జీవితాంతం ఆయనను బాధించింది.

దశాబ్దాల కృషి ఫలితంగా ఆయన ఇంగ్లీషులో రచించిన సవర భాషా వ్యాకరణాన్ని 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లో మద్రాసు ప్రభుత్వం ప్రచురించింది. నాగరికులు భాషగా కూడా లెక్కించని మాటకు నిర్దుష్టమైన వ్యాకరణం ఉన్నదని ఈ గ్రంథాలు నిరూపించాయి. నోటిలో ఉన్న భాషకు నియమాలు లేవని, నియమాలు పుస్తకంలోనే ఉంటాయని నమ్మే పండితులకు ఆయన ఇచ్చిన సమాధానం సవరల నుంచి నేర్చుకొన్నదే.

వ్యావహారిక భాషోద్యమం

1906-07 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారిగా ఉన్న జె.ఎ.యేట్స్, తెలుగు నేర్చుకొంటూ ఒక సందేహంలో పడ్డాడు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో పిల్లల చేత రాయించే తెలుగు మరొకటి. ఈ తేడా ఎందుకని ఆయన విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాధ్యాపకుడు పి.టి.శ్రీనివాస అయ్యంగారును అడిగాడు. ఆ ప్రశ్న గురజాడ, గిడుగుల వద్దకు చేరింది. ఈ నలుగురి ఆలోచనలతో ఉద్యమానికి అంకురార్పణ జరిగింది. 1911లో ఉద్యోగ విరమణ చేసిన తరువాత రామమూర్తి పూర్తి కాలాన్ని దీనికే వెచ్చించాడు.

స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని కావ్య భాషలో గాని, ఆధునిక భాషలో గాని రాయవచ్చునని అనుమతి లభించడంతో దుమారం రేగింది. జయంతి రామయ్య పంతులు ప్రభృతులు 1911లో స్థాపించిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు దీనిని తీవ్రంగా వ్యతిరేకించింది. సభలు, తీర్మానాలు, వినతిపత్రాలతో ఆంధ్ర దేశం అట్టుడికింది. రామమూర్తి 1913లో ఆధునిక తెలుగును సమర్థిస్తూ ఇంగ్లీషులో ఒక విజ్ఞాపన పత్రం ప్రచురించాడు. మద్రాసు విశ్వవిద్యాలయ సంఘంలో సభ్యుడైన గురజాడ 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించాడు. అయినా ఆ విడత గ్రాంథికవాదులదే పైచేయి అయింది. పరీక్షలో ఇచ్చిన వెసులుబాటును ప్రభుత్వం ఉపసంహరించుకొన్నది. 1915 నవంబరు 30న గురజాడ మరణించడంతో రామమూర్తి పెద్ద అండను కోల్పోయాడు.

1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. ఎక్కువగా గ్రాంథికంలో రచనలు చేసిన కందుకూరి వీరేశలింగం దానికి అధ్యక్షుడు కావడం విశేషం. అదే సంవత్సరం మే నెలలో వీరేశలింగం మరణించాడు. రామమూర్తి 1919లోనే తెలుగు అనే మాసపత్రికను స్థాపించి సుమారు ఒక ఏడాది నడిపాడు. 1924లో కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారిక భాషపైన నిషేధాన్ని తొలగించింది. 1925లో తణుకులో జరిగిన సభలో రామమూర్తి గంటల తరబడి ప్రసంగిస్తూ పూర్వ గ్రంథాల నుంచి ప్రయోగాలను ఎత్తి చూపాడు.

రాతలో స్వీయ నియంత్రణ

పత్రికలపైన, పుస్తకాలపైన ప్రభుత్వం విధించే ఆంక్ష ఒక రకం. 1908లో స్వరాజ్య పత్రిక సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావుకు రాజద్రోహ నేరం కింద శిక్ష పడింది. 1910 నాటి ప్రెస్ చట్టం ముద్రాపకుల నుంచి ధరావతు సొమ్ము కోరే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. సొమ్ము పోతుందన్న భయంతో సంపాదకుడు తన వ్యాసాన్ని తానే కుదించుకొంటే అది స్వీయ నియంత్రణకు తెలిసిన ఉదాహరణ. భాష విషయంలో ఇటువంటి చట్టం ఏదీ లేదు. ఫలానా క్రియారూపం వాడినందుకు ఎవరినీ జైలుకు పంపలేదు. అయినా చదువుకొన్నవారు దాదాపు అందరూ తమ మాటను దాచుకొన్నారు. ఈ వింతకు రామమూర్తి మూడు కారణాలను గుర్తించాడని ఆయన రచనలను బట్టి చెప్పవచ్చును.

మొదటిది పరీక్ష. వస్తున్నాడు అని పలికే బాలుడు వచ్చుచున్నాడు అని రాయాలి. అరసున్నలు, బండి ఱ, సంధి నియమాలు తప్పితే మార్కులు పోతాయి. దీనితో విద్యార్థి తనకు తెలిసిన విషయాన్ని వదలి, తప్పు లేకుండా రాయగలిగిన విషయాన్నే ఎన్నుకొంటాడు. వాక్యం తప్పకుండా ఉండడానికి భావాన్నే మార్చుకొంటాడు. ఉపాధ్యాయుడుగా ముప్పై ఏళ్ళు పిల్లల రాతలను చూసిన రామమూర్తికి ఇది పుస్తకాల ద్వారా తెలిసిన సంగతి కాదు.

రెండవది పరువు. ఇంట్లో వాళ్ళకు, మిత్రులకు ఉత్తరాలు రాసేటప్పుడు పండితులు సైతం వాడుక మాటలే రాసేవారు. అదే మనిషి అచ్చుకు ఇచ్చే వ్యాసం దగ్గరకు వచ్చేసరికి వేరొక భాషలోకి మారేవాడు. ఎవరో గ్రామ్యం అంటారన్న సంకోచమే ఈ మార్పుకు మూలం.

మూడవది, అందరికన్నా రామమూర్తి ఎక్కువగా ఎత్తి చూపినది, ఆ నియమాలను విధించినవారికి కూడా అవి పట్టుబడకపోవడం. గ్రాంథికాన్ని సమర్థించిన పండితుల రచనలను తీసుకొని, వారు ప్రమాణంగా చెప్పే వ్యాకరణం ప్రకారమే వాటిలోని దోషాలను ఆయన వరుసగా పట్టి చూపాడు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అన్న గ్రంథం ఇందుకు ప్రసిద్ధి. ఈ పనిని కొందరు పరిహాసంగా భావించారు. నిజానికి ఆయన ఉద్దేశం పండితులను అవమానించడం కాదు. ఎవరూ పాటించలేని నియమానికి అందరూ భయపడుతున్నారని నిరూపించడమే.

నోటికి వచ్చినదల్లా రాయాలని మాత్రం ఆయన ఎన్నడూ వాదించలేదు. సందర్భాన్ని బట్టి మాటను ఎన్నుకోవడం, ఎదుటివారిని నొప్పించకుండా మాట్లాడడం, రాసినదానిని దిద్దుకోవడం వివేకమే అవుతుంది. కావ్య భాషను ప్రేమించి, నేర్చుకొని, ఇష్టంతో అందులో రాసే కవిని ఆయన తప్పుపట్టలేదు. ప్రాచీన సాహిత్యంలో ఆయనకు గొప్ప పాండిత్యం ఉంది. వేరొక దారి లేదని, ఉన్నా సిగ్గుచేటని నమ్మించి రాయించినప్పుడు మాత్రమే అది నిర్బంధం అవుతుంది. ఎన్నుకొనడానికి, జంకడానికి మధ్య ఉన్న ఈ తేడాయే ఆయన వాదానికి కేంద్రం.

ప్రతిపక్షం వాదన

గ్రాంథికవాదులందరూ మార్పుకు విముఖులన్న అభిప్రాయం సరి కాదు. జయంతి రామయ్య పంతులు శాసనాలను పరిష్కరించిన విద్వాంసుడు. వ్యావహారికం జిల్లాకు ఒక తీరుగా ఉంటుందని, దానిని ప్రమాణంగా తీసుకొంటే తెలుగువారిని ఒకటిగా ఉంచే రాత భాష చెదిరిపోతుందని, ముందు తరాలకు భారతం, భాగవతం అందకుండా పోతాయని గ్రాంథికవాదుల ఆందోళన. దీనికి రామమూర్తి గద్య చింతామణిలో సమాధానం ఇచ్చాడు. శాసనాలు, కైఫీయతులు, వ్యాఖ్యానాలు మొదలైన పాత వచనాన్ని ఉదహరించి, వాడుక భాషలో రాయడం తెలుగుకు కొత్త కాదని, చిన్నయ సూరి తరువాత బడుల ద్వారా బిగిసిన నియమాలే కొత్తవని చూపాడు. ఈ విషయంలో ఆయన సంప్రదాయాన్ని ధిక్కరించినవాడు కాదు. మరుగున పడిన సంప్రదాయాన్ని వెలికితీసినవాడు.

పత్రికలు

ఇరవయ్యవ శతాబ్దం మొదటి దశకాలలో తెలుగు పత్రికలు ఎక్కువగా సరళ గ్రాంథికంలో వెలువడేవి. తంతి ద్వారా ఇంగ్లీషులో వచ్చిన వార్తను ఉపసంపాదకుడు తెలుగు చేసేవాడు. ఆయన తోటివారితో ఆ వార్తను ఒక తెలుగులో చెప్పి, కాగితంపైన మరొక తెలుగులో రాసేవాడు. ఫలితంగా చదువు తక్కువైన పాఠకుడు తన ఊరి సంగతిని కూడా మరొకరి చేత చెప్పించుకొని తెలుసుకోవలసి వచ్చేది. రైతు పన్నుల గురించి, రోగాల గురించి, ఎన్నికల గురించి వార్త ఎవరి కోసమో వారికే అందని స్థితి ఇది.

పర్లాకిమిడిలో రామమూర్తి వద్ద చదువుకొన్న తాపీ ధర్మారావు 1930లలో జనవాణి పత్రికకు సంపాదకుడై వాడుక భాషలో వార్తలు, సంపాదకీయాలు రాశాడు. 1942లో ఆంధ్రప్రభ సంపాదకత్వం చేపట్టిన నార్ల వెంకటేశ్వరరావు ఆ ఒరవడిని దినపత్రికలో స్థిరపరచినవారిలో ముఖ్యుడు.

పర్లాకిమిడిని విడిచిపెట్టడం

1930లలో ఒరిస్సా రాష్ట్ర నిర్మాణం చర్చకు వచ్చినప్పుడు పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి తన సంస్థానాన్ని ఒరిస్సాలో చేర్చడానికి కృషి చేశాడు. రామమూర్తి మూడు దశాబ్దాలు జీతం తీసుకొన్నది రాజావారి పాఠశాలలోనే. జమీందారీ పట్టణంలో రాజావారి అభిమతానికి ఎదురు చెప్పడం తేలిక కాదు. డెబ్భై ఏళ్ళ వయసులో ఆయన మౌనంగా ఉండిపోయినా ఎవరూ ఆక్షేపించేవారు కారు. అయినా తెలుగువారు ఎక్కువగా ఉన్న ప్రాంతాన్ని వేరు చేయరాదని ఆయన బహిరంగంగానే వాదించాడు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి పట్టణం అందులో చేరింది. టెక్కలి, సోంపేట ప్రాంతాలు మద్రాసు రాజధానిలో మిగిలి, విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగష్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. రామమూర్తి తన ఇంటిని, అర్ధ శతాబ్దపు అనుబంధాన్ని వదలి రాజమహేంద్రవరం చేరుకొన్నాడు. కుమారుడు గిడుగు వెంకట సీతాపతి కూడా భాషా పండితుడు, రచయిత.

చివరి రోజులు

1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రామమూర్తిని కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. బ్రిటిషు ప్రభుత్వం రావు సాహెబు బిరుదును, కైజర్-ఇ-హింద్ పతకాన్ని ఇచ్చింది. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో ఆయన పత్రికా సంపాదకులను ఉద్దేశించి ప్రసంగించాడు. అప్పటికే ఆరోగ్యం క్షీణించింది. పత్రికలు ప్రజల భాషను స్వీకరించాలన్నదే ఆయన కోరిన కోరిక. వారం తరువాత, జనవరి 22న కన్నుమూశాడు. తన చివరి విన్నపాన్ని ప్రభుత్వానికో, విశ్వవిద్యాలయానికో కాక పత్రికలవారికి చేయడం గమనించదగినది. ఉత్తర్వు అవసరం లేకుండా, మరుసటి ఉదయమే మార్చుకోగలిగినవారు వారేనని ఆయనకు తెలుసు.

ఇతర భాషలలో

ఇదే కాలంలో ఇతర భాషలలోను ఇటువంటి సంఘర్షణ సాగింది. బెంగాలీలో సాధు భాషకు బదులు చలిత భాషను ప్రమథ చౌదురి 1914లో ప్రారంభించిన సబుజ్ పత్ర ద్వారా ప్రచారం చేశాడు. రవీంద్రనాథ ఠాకూరు ఆయనకు అండగా నిలిచాడు. గ్రీసు దేశంలో బైబిలు సువార్తలను వాడుక భాషలోకి అనువదించినందుకు 1901లో ఏథెన్సు వీధులలో అల్లర్లు జరిగి ప్రాణనష్టం కూడా సంభవించింది. అక్కడ వాడుక భాషకు అధికార స్థానం లభించడానికి 1976 వరకు ఆగవలసి వచ్చింది.

ప్రభావం, పరిమితులు

స్వాతంత్ర్యానంతరం కథ, నవల, పత్రిక, రేడియో వ్యావహారికంలోకి వచ్చాయి. పాఠ్యపుస్తకాలు, విశ్వవిద్యాలయాలు మాత్రం 1960ల చివర, 1970లలో గాని పూర్తిగా మారలేదు. అంటే రామమూర్తి మరణించిన మూడు దశాబ్దాల తరువాత గాని ఆయన మొదట ప్రశ్నించిన బడి మారలేదు.

ఆయన వాదానికి ఒక పరిమితి కూడా ఉంది. రామమూర్తి కోరినది శిష్టుల వ్యావహారికం. కాలక్రమంలో మధ్య కోస్తా జిల్లాలలోని విద్యావంతుల భాష ప్రమాణంగా స్థిరపడింది. దీనితో పాత జంకు కొత్త రూపంలో తిరిగి వచ్చింది. టెక్కలి, పలాస, ఉద్దానం పల్లెల నుంచి పట్టణాలకు చదువుకు, ఉద్యోగానికి వెళ్ళినవారు ఏటి, నాను, గుంటడు వంటి ఇంటి మాటలను గుమ్మం బయట వదలివేయడం సామాన్యమైంది. చలనచిత్రాలలో ఈ యాస చాలా కాలం హాస్య పాత్రలకే పరిమితమైంది. నవ్వుతారన్న భయం ఏ ఉత్తర్వు కన్నా బలమైనదని ఈ అనుభవం చెబుతుంది.

ఉత్తరాంధ్ర రచయితలు ఈ గోడను కూడా దాటడానికి ప్రయత్నించారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి, కాళీపట్నం రామారావు తమ కథలలో ఈ ప్రాంతపు జనం మాటకు సాహిత్య గౌరవం కల్పించారు. రామారావు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం తెలుగు కథలకు భాండాగారంగా నిలిచింది. రామమూర్తి పుట్టిన పర్వతాలపేటకు ఇది దూరం కాదు. శిష్ట భాషకు ఆయన తెరచిన తలుపు గుండా ఆయన జన్మించిన సీమ మాట కొంత ఆలస్యంగానైనా అచ్చులోకి ప్రవేశించింది.

ముఖ్య రచనలు

* సవర భాషా వ్యాకరణం (ఇంగ్లీషులో, 1931)
* సవర-ఇంగ్లీషు నిఘంటువు (1938)
* ఆధునిక తెలుగుపై విజ్ఞాపన పత్రం (ఇంగ్లీషులో, 1913)
* ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం
* గద్య చింతామణి
* బాలకవి శరణ్యం